ఓడ టపాలో ఇల్లు

1908 సెప్టెంబరులో మూసీ పొంగి పాతబస్తీనీ అఫ్జల్‌గంజ్‌నీ ముంచెత్తినప్పుడు సరోజినీ నాయుడు వరద సహాయానికి పూనుకుంది. ఆ సేవ ఊరు దాటి చాలా దూరం వెళ్ళింది. 1914లో యుద్ధం మొదలయ్యేనాటికి ఆమె లండన్‌లో ఉంది. లైసియం క్లబ్బు స్త్రీలు సైనికులకు బట్టలు సిద్ధం చేసే పనిలో మునిగిపోయింది. తొలి పరిచయంలోనే కత్తిరించిన గుడ్డల కుప్ప ముందు పెట్టి, కుట్టించి తెమ్మందని గాంధీ ఆత్మకథలో రాశాడు. అప్పటికి ఆమె నలుగురు బిడ్డల తల్లి.

1924లో తూర్పు, దక్షిణాఫ్రికాలు, 1928-29లో అమెరికా. అక్కడి ఉపన్యాసాలు చరిత్రకెక్కాయి. కూతుళ్ళు పద్మజకూ లీలామణికీ రాసిన ఉత్తరాలు మాత్రం చాలాకాలం ఇంటి కాగితాలుగానే మిగిలాయి. మకరంద్ పరాంజపే ఎంపిక చేసిన ఆమె ఉత్తరాలను కాళీ ఫర్ విమెన్ 1996లో అచ్చువేసింది.

సాహిత్య పరిశోధకురాలిగా నన్ను ఆపేది ఈ విభజనే. ఓడ టపాకు వారాలు పట్టే రోజుల్లో జ్వరం కబురు చేరేసరికి జ్వరమే తగ్గిపోయేది. అయినా రాయాలి. దేశం తిరిగిన మగవాళ్ళను 'పిల్లల్నెవరు చూశారు?' అని ఎవరూ అడగరు. ఆడవాళ్ళ విషయంలో ఆ ప్రశ్న నిందగానైనా వస్తుంది, పొగడ్త చాటునైనా దాక్కుంటుంది. ఉపన్యాసం రాసిన చెయ్యే ఉత్తరమూ రాసింది. రెండూ పనే. రెండోదాన్ని చరిత్రగా చదివితే, ఆమె లేనప్పుడు హైదరాబాదులో ఆ ఇంటిని నడిపిన చేతుల గురించీ అడగక తప్పదు.