మాట నేర్పినవారికి మాట నేర్పిన చరిత్ర

మన అధ్యక్ష మండలపు చరిత్ర వ్రాయువారు సామాన్యముగా కెథడ్రల్‌తో ప్రారంభించుచుందురు. అది సహజమే. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయములో హిందూ ఆలయపు పోకడ, మసీదు పోకడ, క్రైస్తవ సిలువ ఒక్కచోట ఒదిగియున్నవి. ఆ కథను ఎందరో చక్కగా వ్రాసియున్నారు. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది కంటికి కనబడని మరియొక కట్టడమును గూర్చి. నలుగురిలో నిలువబడి నోరు విప్పుట ఎరుగని జనమునకు మాట ఎట్లు వచ్చినది? పిల్లలకు నేర్పినవారెవరు? ఆ నేర్పినవారికి ఎవరు నేర్పిరి?

ఈ ప్రశ్నకు నేడు అవసరమున్నది. మన సండే స్కూళ్ళలోను, యువజన కూటములలోను వక్తృత్వ పోటీలు, వాదప్రతివాద పోటీలు జరుగుచున్నవి. బహుమతులు పంచుచున్నాము, ఫొటోలు తీయించుకొనుచున్నాము. పిల్లలను వేదిక ఎక్కించు తల్లిదండ్రులను, వారిని తరిఫీదు చేయు ఉపాధ్యాయులను తయారుచేయు పని ఎవరిదని అడిగితే మాత్రము జవాబు చెప్పువారు అరుదు. ఒకప్పుడు డోర్నకల్‌లో దానికి జవాబుండెను.

డోర్నకల్ అప్పుడు నిజాం రాజ్యములోని ఒక చిన్న ఊరు. కాజీపేట నుండి బెజవాడకు పోవు రైలుమార్గములో సింగరేణి బొగ్గుగనులకు దారి చీలు జంక్షను. (2016లో మహబూబాబాద్ జిల్లా ఏర్పడువరకు ఇది వరంగల్ జిల్లాలోనిదే.) చుట్టుపట్ల పల్లెలలో మాల, మాదిగ కుటుంబములు వెట్టిచాకిరిలో బ్రతుకీడ్చిన కాలమది. ఊరి పెద్దల ఎదుట వారికి అనుమతి ఉన్న ఉపన్యాసము ఒక్కటే: “నీ బాంచన్ దొరా, కాల్మొక్త.” బాంచన్ అనగా బానిస. తండ్రి నడుము వంచి ఆ మాట అనుట కొడుకు చూచును, తన వంతు వచ్చినప్పుడు తానును అదే అనును. ఆ విధముగా తల్లిదండ్రులే పిల్లలకు మాట నేర్పిరి. కాని వారు నేర్పగలిగినది అంతమాత్రమే. అట్టి ఇంట పుట్టిన బిడ్డ నలుగురి ముందు నిలువబడి మాటలాడవలెనంటే మొదట తండ్రి నడుము నిటారు కావలెను.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, మరుసటి యేడు శామ్యూల్ పాక్యనాథన్ గారిని ఈ ప్రాంతమునకు పంపిరి. డబ్బు మన దేశస్థులది, మనుష్యులు మన దేశస్థులు. ఆ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యులు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో ఒక పల్లె గురువుగారి ఇంట పుట్టి, 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశపు విద్యార్థుల మధ్య తిరిగినవారు. ఉపన్యాసములు, బైబిలు తరగతులు, విద్యార్థి సభలు వారికి దినచర్య. 1907లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు టోక్యో వరకు వెళ్ళి వచ్చిరి. అంతటి వక్త డోర్నకల్ వచ్చి, నడివయస్సులో తెలుగు నేర్చుకొని, తెలుగు పల్లెలలో మాటలాడవలసి వచ్చినది. పరాయి భాషలో మొదట తడబడనివాడెవడు? మాట రానివాని అవస్థ వారికి బాగుగా అర్థమగుటకు ఇదియు ఒక కారణమని నా ఊహ.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో వారు అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయులు వారే. ఈ సంగతి మనలో ప్రతివారికి తెలిసినదే గనుక దీనిని పెంచను. మన విషయము వారు గ్రామోపాధ్యాయుని యెడల చేసిన పని.

గ్రామోపాధ్యాయుడు అనగా ఇప్పటి స్కూలు మాస్టరు వంటివాడు కాడు. అతడు పల్లెకు బడిపంతులు, ప్రార్థన నడుపువాడు, జ్వరమొస్తే మందిచ్చువాడు, పట్వారి ఎదుట కాగితము చదివిపెట్టువాడు. 1930ల నడిమికి ఈ మండలములో అట్టివారు రెండువేలకు పైగా ఉండిరి. వారిలో అనేకులు తాము పనిచేయు పల్లెల వంటి పల్లెలలోనే పుట్టినవారు. వారికి పెద్ద చదువులు లేవు. కాబట్టి వారిని తయారుచేయుట డోర్నకల్‌లో ముఖ్యమైన పని ఆయెను. శిక్షణకు వచ్చు పెండ్లియైన మనుష్యుడు ఒంటరిగా రాకుండెను, భార్యతో వచ్చుచుండెను. భార్యకును తరగతులుండెను. అజరయ్య గారి సతీమణి అన్బు అమ్మగారు ఆ స్త్రీల పాఠములను స్వయముగా చూచుచుండిరి. ఈ చిన్న ఏర్పాటును మన చరిత్రకారులు ఒక్క వాక్యములో దాటిపోవుదురు. నా మట్టుకు ఇది గొప్ప ఆలోచన. పల్లెకు వెళ్ళిన తరువాత భర్త మగవారితో మాటలాడును గాని, వంటయింటి గడప లోపలికి అతడు పోలేడు. బిడ్డ మొదటి మాటలు నేర్చుకొనునది అక్కడనే. ఉపాధ్యాయుని భార్య తిరుగలి యొద్ద, బావి యొద్ద ఇతర తల్లులతో కూర్చుండి నేర్పునది. అవ్వ లోయి, తల్లి యునీకే లేకుండ తిమోతి లేడని పౌలు ఎరుగును. డోర్నకల్ కూడ ఎరిగినది.

నేర్పిన విధానము ప్రశ్న జవాబుల విధానము. పగలు పశువులు కాచినవారు, కూలికి పోయినవారు సాయంకాలము దీపము చుట్టు చేరుదురు. చదువు రానివారికి పుస్తకము అక్కరకు రాదు. కాబట్టి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, కొన్ని బైబిలు కథలు, కొన్ని కీర్తనలు కంఠస్థము. కంఠస్థమును ఎగతాళి చేయువారితో నేను ఏకీభవించను. అక్షరము లేని ఇంటికి జ్ఞాపకమే గ్రంథాలయము. అయితే ఉపాధ్యాయుడు అంతటితో ఆగినచో అది చిలుక పలుకు. కథ చెప్పిన తరువాత “ఇతడు ఇట్లు ఎందుకు చేసినాడు?” “నీవైతే ఏమి చేసియుందువు?” అని అడిగినప్పుడు అసలు పాఠము మొదలగును.

మన సామాన్య ప్రార్థన గ్రంథములోని ప్రశ్నోత్తరిని చూడండి. మొదటి ప్రశ్న దేవుని గూర్చి కాదు, పిల్లవాని పేరేమని. రెండవది ఆ పేరు ఎవరు పెట్టిరని. వెనుక ‘గాడు’ తగిలింపకుండ ఎవరును పిలువని పిల్లవానిని, బిషప్ వంటి పెద్దమనిషి గౌరవముగా నీ పేరేమని అడుగుట, వాడు నిలువబడి సంఘమంతయు వినునట్లు తన పేరు చెప్పుట! ఇంగ్లండులో అది మామూలు ప్రశ్న కావచ్చును. మన పల్లెలలో అది సామాన్యమైన సంగతి కాదు. అదే గ్రంథములో మరియొక నియమమున్నది. ఆదివారము సాయంకాల ఆరాధనలో గురువు పిల్లలను బహిరంగముగా ప్రశ్నింపవలెను. వారిని పంపవలసిన బాధ్యత తల్లిదండ్రులది, యజమానులది. జ్ఞాన తల్లిదండ్రులకు కూడ ఈ బాధ్యతను బాప్తిస్మపు తొట్టి యొద్దనే అప్పగించుదురు. అనగా 1662 నాటి ఆ పుస్తకము కూడ పిల్లవాని నోటికి పెద్దలను పూచీ చేసినది.

అజరయ్య గారు పల్లెలు తిరుగునప్పుడు పెద్దలను కూడ ఊరక కూర్చుండనీయలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివారిని తన చేయి తన తలమీద ఉంచుకొమ్మని, తాను బాప్తిస్మము పొందినవాడనని, సువార్త చెప్పకపోయిన యెడల తనకు శ్రమయని బిగ్గరగా పలికించుచుండిరి. ఏటేట సాక్ష్య వారములో సంఘస్థులు జట్లుగా పొరుగు పల్లెలకు వెళ్ళి మాటలాడుచుండిరి. నిన్నటి వరకు బాంచన్ దొరా అన్న మనుష్యుడు పొరుగూరి నడిబజారులో నిలువబడి తన కథ తాను చెప్పుట, విన్నవారు అడ్డుప్రశ్న వేసినచో నిలిచి జవాబిచ్చుట: తెలుగు క్రైస్తవుల మొదటి వాదప్రతివాద వేదిక ఇదేనని నేననుకొందును. తండ్రి అట్లు నిలిచిన నాడు ప్రక్కన ఉన్న కొడుకునకు వేరే శిక్షణ ఎందుకు?

ఎదిరిని నొప్పింపకుండ, నిజమును దాచకుండ మాటలాడుట ఎట్లో వారి జీవితములో ఒక ఉదాహరణమున్నది. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావాసులు ఇరువదిమంది కూడ లేరు. అక్కడ అజరయ్య గారికిచ్చిన అంశము విదేశీ మిషనరీలకును స్వదేశ సేవకులకును గల సంబంధము. వినువారిలో అధికులు ఆ మిషనరీలే, వారిని పంపినవారే. వారి త్యాగమును, వారు పేదలకిచ్చిన ధనమును, దేహమును కూడ లెక్కచేయక చేసిన సేవను ఒప్పుకొని, ఇవన్నియు ఇచ్చితిరి గాని స్నేహము ఇయ్యలేదని, స్నేహితులను ఇయ్యుడని కోరిరి. సభలో కలవరము పుట్టినది. నొచ్చుకొన్నవారున్నారు, సంతోషించినవారును ఉన్నారు. నూరేండ్లు దాటినను ప్రపంచ సంఘ చరిత్రలో ఆ మహాసభను తలచినప్పుడెల్ల ఈ ప్రసంగమును తలచుచున్నారు. ఎదుటివానిలోని మంచిని దొంగలెక్క వేయకుండ పూర్తిగా లెక్కించి, ఆ పిమ్మట తన మాట చెప్పుట మన పిల్లలకు నేర్పదగిన విద్య.

ఇంకొక వాదము కూడ చెప్పవలెను, అది చేదుగా ఉండినను. 1936లో జాన్ ఆర్. మాట్ గారితో జరిగిన సంభాషణలో మహాత్మా గాంధీ గారు, అస్పృశ్యులలో కొందరి గ్రహింపు ఆవు గ్రహింపుకన్న తక్కువని అర్థమిచ్చునట్లు మాటలాడిరి. అది ఆ డిసెంబరులో హరిజన్ పత్రికలో వచ్చినది. గాంధీ గారు పేదల పక్షమున ఎంత కష్టపడిరో మనమెరుగుదుము. అజరయ్య గారు వారికి శత్రువు కూడ కారు. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించినవారు. కాని ఈ ఒక్క విషయములో ఇద్దరికిని పొత్తు కుదరలేదు. మంచిచెడ్డలు తూచి తన దారి తాను ఎన్నుకొను హక్కు, శక్తి పేదవానికి ఉన్నవని అజరయ్య గారి మాట. ఆ మాటకు సాక్ష్యము కాగితముమీద కాదు, దీపము చుట్టు కూర్చున్న పల్లెలలో దొరికినది. 1930లలో మాల మాదిగల బ్రతుకులలో వచ్చిన మార్పును చూచి ఇతర కులములవారు సంఘములో చేరసాగిరి. వారు చూచినది శుభ్రమును, నడవడిని మాత్రమే అని అనుకొనను. మాటను కూడ విని ఉందురు.

1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లోనే కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ప్రభుత్వ పాఠశాలలు వచ్చినవి, గ్రామోపాధ్యాయుడు క్రమముగా మరుగైనాడు. అతనితోపాటు అతని భార్య తిరుగలి యొద్ద నడిపిన తరగతియు పోయినది. ఆమె స్థానమును మనము ఎవరికిని ఇయ్యలేదు.

అందువలన ఇప్పుడు జరుగుచున్నదేమి? పోటీకి వారము ముందు తండ్రి యొక ఉపన్యాసము వ్రాసి ఇచ్చును, లేదా ఎక్కడనుండియో తెప్పించును. బిడ్డ దానిని బట్టీపట్టి, చేయి ఎప్పుడు ఎత్తవలెనో కూడ నేర్చుకొని వచ్చును. న్యాయనిర్ణేత మధ్యలో ఒక్క ప్రశ్న అడిగినచో బిడ్డ తల్లివైపు చూచును. పెద్దవారు వ్రాసినది పెద్దవారు విని పెద్దవారికే బహుమతి ఇచ్చుకొనుచున్నట్లున్నది. వాదము అనగానే కనుబొమలు ముడుచు పెద్దలును ఉన్నారు. వాగ్వాదము వలదని పౌలు తిమోతికి వ్రాయలేదా అందురు. వ్రాసినాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేండ్లు ప్రతిదినము తర్కించినవాడును ఆ పౌలే.

అమెరికాలో ఇంటివద్ద చదువుకొను క్రైస్తవ పిల్లల కొరకు 1996లో వాదప్రతివాద పోటీలు ప్రారంభమైనవి. అక్కడ తీర్పరులుగా కూర్చుండువారిలో ఎక్కువమంది తల్లిదండ్రులే. వాదన ఎట్లు వినవలెనో, కాగితముపై ఏమి వ్రాయవలెనో వారికి ముందుగా చెప్పుదురు. వారి సౌకర్యములు వేరు, మన సంఘముల స్థితి వేరు, వారిని అనుకరింపనక్కరలేదు. పెద్దలకు ముందు నేర్పవలెనను ఆలోచన మాత్రము మనకు క్రొత్తది కాదు, డోర్నకల్ అంతకు ముందే ఆచరించినది.

మన పాస్టరేట్లలో పోటీకి నెలదినముల ముందు ఒక సాయంకాలము తల్లిదండ్రులకే కేటాయించినచో చాలును. వ్రాసి ఇచ్చుట మానుమని, అడుగుట నేర్చుకొమ్మని వారికి చెప్పవలెను. బిడ్డ ఒక పక్షము చెప్పిన తరువాత “ఎదుటివాడేమనును?” అని అడిగి, ఆ పక్షమును కూడ బిడ్డచేతనే చెప్పించవలెను. చదువురాని తల్లియు ఈ పని చేయగలదు. నిర్గమకాండములో పస్కానాడు పిల్లలు ఈ ఆచారమేమని అడుగుదురనియు, పెద్దలు జవాబు చెప్పవలెననియు ఉన్నది గాని, పెద్దలు పండితులై ఉండవలెనని లేదు. తన బిడ్డ పాల్గొను పోటీలో ఎవరును తీర్పరిగా కూర్చుండరాదు. ఓడిన బిడ్డకు ఎక్కడ బాగున్నదో, ఎక్కడ తప్పినదో తీర్పరి రెండు వాక్యములు వ్రాసి ఇయ్యవలెను. ఇక అంశములకు వెదకనక్కరలేదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అని అజరయ్య గారు పేరుపెట్టి పోరాడిన నాలుగు శత్రువులున్నవి. వానిలో అప్పును, త్రాగుడును గూర్చి ఈ పల్లెల పిల్లలు చెప్పగలిగినంత మరెవరు చెప్పగలరు?