సెల్యులర్ ఆటోమేటా ఎంట్రోపీ
రెండు వైపులా అంతులేని గడుల వరుసలో 0, 1 అంకెలను ఒకే స్థానిక సూత్రంతో ఒక్కసారిగా మార్చే పరివర్తనే సెల్యులర్ ఆటోమేటన్. ముందు మార్చి తర్వాత వరుసను జరిపినా, జరిపి మార్చినా ఫలితం ఒకటే. అంటే ఇది షిఫ్ట్‌తో (ఆ జరపడంతో) వినిమయం పాటిస్తుంది. ఇలా వినిమయం పాటించే ప్రతి అవిచ్ఛిన్న పరివర్తనా ఆటోమేటనేనన్న సిద్ధాంతాన్ని హెడ్‌లండ్ 1969లో ప్రచురించాడు.

ప్రతి గడికీ కుడి పక్క గడిని కలిపి, మొత్తాన్ని 2తో భాగిస్తే మిగిలే శేషాన్ని రాద్దాం: 0110 నుంచి 101 వస్తుంది. ఈ సూత్రం ఎంట్రోపీ (వేర్వేరు గమనాల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత) లాగ్ 2, షిఫ్ట్‌దీ అంతే. ఆశ్చర్యమేమిటంటే, రెండింటి ఉమ్మడి ఎంట్రోపీ సున్నా! సూత్రాన్ని పదేపదే వర్తింపజేస్తే వచ్చే, వందేసి గడుల వంద వరుసల్లోని 10,000 అంకెలనూ మొదటి వరుసలో పక్కపక్కనున్న 199 గడులే నిర్ణయిస్తాయి మరి. లెడ్రాపియే 1978 నాటి ప్రసిద్ధ ఉదాహరణ ఇలాంటి సంకలన సూత్రం మీదే నిలిచింది. అయితే ఏ ఆటోమేటన్ ఎంట్రోపీనైనా లెక్కగట్టే సార్వత్రిక అల్గారిథమ్ లేదని 1992లో హర్డ్, కారి, చులిక్ నిరూపించారు.