పోటీ నిషేధ షరతు

ఉద్యోగం మానేశాక ఫలానా కాలం దాకా పోటీ సంస్థలో చేరననీ, అదే వ్యాపారం సొంతంగా పెట్టననీ ఉద్యోగి చేత ముందే రాయించుకునే షరతు ఇది. ఆఫీసుల్లో దీన్ని నాన్‌కాంపీట్ క్లాజు అంటారు. భారతదేశంలో ఆఫర్ లెటర్లలో తరచుగా కనిపిస్తుంది గానీ, కోర్టు దాకా వెళ్తే సాధారణంగా నిలవదు.

భారత కాంట్రాక్టు చట్టం (1872) 27వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్మినవారికి మాత్రం, సమంజసమైన హద్దుల్లో, ఈ నిషేధం పెట్టవచ్చు. ఈ సెక్షన్‌కు మూలం న్యూయార్క్ న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రాసిన ముసాయిదా స్మృతి. కాలిఫోర్నియా కూడా 1872లోనే అక్కడి నుంచే ఇలాంటి నియమం తెచ్చుకుంది. అందువల్ల ఉద్యోగి విషయంలో మాదాపూర్‌లో చెల్లని షరతు సిలికాన్ వ్యాలీలోనూ చెల్లదు. ఇంగ్లండు దారి వేరు. అక్కడ సమంజసమైన నిషేధం చెల్లుతుంది.

చట్టం వచ్చిన రెండేళ్లకే, 1874లో, కలకత్తా హైకోర్టు ముందుకు ఇద్దరు కంచరి వ్యాపారుల తగాదా వచ్చింది. ఒకే పేటలో పోటీ తట్టుకోలేక ఒకరు రెండోవారితో బేరం పెట్టుకున్నారు: నువ్వు దుకాణం మూసెయ్, పనివాళ్లకు నువ్విచ్చిన బయానా 900 రూపాయలు నేను కడతాను. దుకాణం మూతపడింది, డబ్బు రాలేదు. ఆ పేటకే పరిమితమైన నిషేధం కదా అన్న వాదనను చీఫ్ జస్టిస్ రిచర్డ్ కౌచ్ ఒప్పుకోలేదు. 28వ సెక్షన్‌లో ఉన్న ‘పూర్తిగా’ అన్న మాట 27లో లేదు, కాబట్టి కొద్దిపాటి అడ్డంకి కూడా చెల్లదన్నారు. దుకాణం మూసుకున్నవాడికి 900 దక్కలేదు. చట్టం అక్షరాలా నిలబడింది, న్యాయం సంగతి వేరు.

ఉద్యోగంలో ఉన్న కాలానికి లెక్క మారుతుంది. టైరు కార్డు తయారుచేసే సెంచురీ రేయాన్‌లో అయిదేళ్లు పనిచేస్తానని రాసిచ్చిన ఉద్యోగి గడువుకు ముందే కోటాలోని పోటీ మిల్లుకు వెళ్లాడు. గడువు ముగిసేదాకా అక్కడ పనిచేయకూడదన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు 1967లో సమర్థించింది. అయితే పాత యజమాని దగ్గరే పనిచేయమని కోర్టు ఎవరినీ బలవంతపెట్టదు. ఒప్పందం ముగిశాక పట్టు సడలుతుంది. క్రికెటర్ జహీర్ ఖాన్‌ను గడువు తీరాక కూడా కట్టిపడేయాలని చూసిన ప్రచార సంస్థ షరతును 2006లో అదే కోర్టు తోసిపుచ్చింది. కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు మాత్రం ఉద్యోగం పోయినా వెంటే ఉంటుంది.

బాండుది మరో లెక్క. మూడేళ్లు నిండకుండా వెళ్లే అధికారి 2 లక్షల రూపాయలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అది మరోచోట చేరకుండా ఆపడం లేదని దాని తర్కం.

ఇలాంటి తగాదాలు ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. 2015 సవరణ తర్వాత, వివాదంలో ఉన్న కంపెనీ ఉద్యోగి ఆర్బిట్రేటర్‌గా కూర్చోవడానికి వీల్లేదు; తగాదా మొదలయ్యాక ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప.

27వ సెక్షన్‌ను సడలించి సమంజసమైన నిషేధాలను అనుమతించాలని లా కమిషన్ 1958లో సిఫారసు చేసింది. ఆ సవరణ జరగలేదు.