రామగిరి బంగారం

"అత్తా, మన అనంతపురంలో బంగారు గనులుండేవట, నిజమేనా?" అని మా మేనకోడలు ఫోన్లో అడిగితే తమాషాకి అడుగుతోందేమో అనుకున్నాను. బెంగుళూరులో ఉద్యోగం దానికి. ఊరి పేరు చెప్పగానే ఆఫీసులో వాళ్ళు "కరువు జిల్లా కదూ!" అంటారట. అందుకని దానికి పౌరుషం వచ్చింది.

"నిజమే. రామగిరిలో. మీ ఊరికి గంట ప్రయాణం" అన్నాను.

"నాకు ఇరవయ్యారేళ్ళొచ్చాయి. ఎవ్వరూ చెప్పలేదేం?"

ఏం చెప్పను? కాశీకి పోయాం, కన్యాకుమారికి పోయాం, కోలారు మీదుగా తిరుపతికి ఎన్నిసార్లు పోయామో లెక్కే లేదు. పెరట్లో ఉన్న కొండ మాత్రం చూడలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

ఉగాదికి అది కారేసుకుని వచ్చింది. పండగ మర్నాడు రామగిరికి ప్రయాణం కట్టాం. నేనూ, అదీ, మా వదినా. వదిన ముందు రానంది. తరువాత ఏమనుకుందో చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. "బంగారం ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. గనైనా చూసొస్తా పదండి" అంది నవ్వుతూ. ముందు సీట్లో ఉన్న మేనకోడలు మాత్రం నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో మీకు చెప్పాలి. మా వదిన కాపురానికి వచ్చినప్పుడు మెడలో కాసులపేరు, నాను, చేతికి వంకీ, రెండు జతల గాజులు ఉండేవి. ధర్మవరం పట్టుచీరలో ఆవిడ గడపలో నిలబడితే ఊరు ఊరంతా చూసింది. మొదటి బోరుకి గాజులు పోయాయి. నూట యాభై అడుగుల్లో నీళ్ళు పడ్డాయి, చీనీ చెట్లు పెట్టారు. అది ఎండిపోయాక రెండో బోరుకి కాసులపేరు పోయింది. అది నాలుగు వందల అడుగులు. మూడోదానికి వంకీ పోయింది. ఏడు వందల అడుగులు దింపినా దుమ్మే లేచింది. మిగిలింది నాను. దాన్ని కూతురి పెళ్ళికని దాచింది. ఈ ఏడు మళ్ళీ చీనీ తోట వాడుముఖం పట్టింది. పాయింటు చూసేవాడొచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, తూర్పు మూలన కాయ నిలబడిందని చెప్పాడు. తొమ్మిది వందల అడుగులు పోవాలట. మా అన్న నాను అడిగాడు. వదిన ఇంకా అవుననలేదు, కాదనలేదు.

ధర్మవరం వైపు నుంచి చెన్నేకొత్తపల్లి మీదుగా పెద్దరోడ్డు దాటి పడమటికి పోతే రామగిరి. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా కింద ఉంది. మా నోటికి మాత్రం అనంతపురమే వస్తుంది. దూరం నుంచే కొండల వరస, వాటి మీద గాలిమరలు కనిపిస్తాయి. 1990ల్లో పెట్టారు వాటిని. రాష్ట్రంలో గాలితో కరెంటు తీయడం మొదలైన తొలి చోట్లలో ఇదొకటి. కొండ కింద ఒకప్పటి కంపెనీ గోడలు, పిండిచేసి పారబోసిన రాతిపొడి దిబ్బలు, ముళ్ళకంప అడ్డం వేసిన గోతులు. టిక్కెట్టు లేదు, చెప్పేవాళ్ళు లేరు. మీరెప్పుడైనా పిల్లలతో వెళితే ఆ గోతుల దగ్గరకి మాత్రం పోనివ్వకండి.

ఈ గనులు దొరలు కనిపెట్టినవి కావు. దక్షిణాదిలో వాళ్ళు బంగారం వెతికిన చోటల్లా ముందే మనవాళ్ళు తవ్విన గుంతలు కనిపించాయి. వాటి జాడ పట్టుకునే కంపెనీలు దిగాయి. ఆ పాతకాలం వాళ్ళ దగ్గర మందుగుండు లేదు. రాతికి ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు. కాగిన రాయి మీద నీళ్ళు పోస్తే ఫెళ్ళున పగులుతుంది. ఆ ముక్కల్ని రాతి గుంతల్లో దంచి, నూరి, నీళ్ళలో కడిగేవాళ్ళు.

ఆ కడగడం మనకు తెలియని విద్యేం కాదు. రోజూ బియ్యం గాలిస్తాం కదా, అదే. బియ్యం తేలిగ్గా నీళ్ళతో పైకి వస్తుంది, రాళ్ళు అడుగున ఉండిపోతాయి. మనం పైది ఉంచుకుని అడుగుది పారేస్తాం. వాళ్ళు పై ఇసుక పారేసి అడుగున మిగిలింది ఉంచుకునేవాళ్ళు. అడుగున మిగిలేదే బంగారం! ఈ మాట చెబితే మేనకోడలు "ఇది మా సైన్సు పుస్తకంలో ఇంత తేలిగ్గా లేదత్తా" అంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు కంపెనీలు రామగిరిలో నిలువు గోతులు దింపాయి. అప్పటికే కోలారు వెలిగిపోతోంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. 1902లో ఆ గనుల కోసమే కావేరి మీద శివసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. మన ఇళ్ళల్లో ఇంకా ఆముదపు దీపాలున్న రోజులవి. కోలారు గనులు చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయాయి. సుమారు నూట ఇరవై ఏళ్ళలో ఎనిమిది వందల టన్నుల పైచిలుకు బంగారం తీశారు. రామగిరి ముందు అంత ఆశే ఉండేది. కాని ఇక్కడి రాతిలో బంగారం అంత లేదు. 1920లు ముగిసేసరికి కంపెనీలు మూటాముల్లె సర్దుకున్నాయి.

తరువాత 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ సంస్థ ఇక్కడ మళ్ళీ తవ్వింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకి నెలజీతం అంటే ఏమిటో తెలిసింది అప్పుడే. ఆడవాళ్ళకి మాత్రం గనిలోకి దిగే హక్కు లేదు. 1929లో వచ్చిన నిబంధనలతో గనుల లోపలి పనుల నుంచి ఆడవాళ్ళని క్రమంగా తప్పించారు. 1952 గనుల చట్టం కూడా వద్దనే అంది. 2019లో గాని షరతులతో అనుమతి రాలేదు. బంగారం మనం పెట్టుకోవచ్చు గాని, అది పుట్టే చోటు చూడకూడదన్నమాట! భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది. కోలారుతో పాటు రామగిరి కూడా నిద్రపోయింది.

ఊళ్ళో చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన, తాను గనిలో పనిచేశానని చెప్పి మాతో పాటు వచ్చాడు. వదిన ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న బంగారం గురించి కాదు. "లోపల నీళ్ళు పడలేదా అన్నా?"

"పడకేమమ్మా! గని అంటేనే నీళ్ళు. రేయింబగళ్ళు మోటార్లు ఆడుతుండాల్సిందే. తోడి తోడి బయటికి పోసేవాళ్ళం. మోటారు ఆగిందంటే గని మునిగినట్టే."

వదిన ఆ గోతికేసి చూస్తూ అలాగే నిలబడింది. "నీళ్ళు పారబోసినారా! బంగారం కోసరం నీళ్ళు పారబోసినారా!" అంది. ఆయన ఏదో తప్పు చేసినవాడిలా తలవంచుకున్నాడు.

నాకప్పుడు తట్టింది. ఈ కొండలోంచి బంగారం కోసం నీళ్ళు తోడి పోశారు. ఈ కొండ చుట్టూ ఉన్న ఊళ్ళలో నీళ్ళ కోసం ఆడవాళ్ళ మెడల్లోని బంగారాన్ని భూమిలో పోశారు. రామగిరిలో తీసిన బంగారమెంతో కంపెనీ లెక్కలున్నాయి. మా వదినలాంటి వాళ్ళు బోరుగుంతల్లో పోసిన బంగారానికి లెక్క ఎవరు రాశారు?

తిరిగి కారెక్కాక వదిన అంది: "దొరలకు లెక్క తెలుసమ్మా. ఖర్చు బంగారాన్ని మించితే మూసేసి ఇంటికి పోయినారు. మీ అన్నకే ఆ లెక్క రాలేదు."

అక్కడి నుంచి పెనుకొండ పోయాం. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగరం వదిలి తిరుమలరాయలు చేరింది ఈ కోటకే. ఐదు వందల యాభై ఏనుగుల మీద బంగారం, వజ్రాలు ఎక్కించి తెచ్చారని రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. గగన్ మహల్ ముందు నిలబడి ఈ సంగతి చెబితే, మేనకోడలు ఎంత బంగారమో లెక్క వేయడం మొదలుపెట్టింది. వదిన మాత్రం "అన్ని ఏనుగులు తాగేకి నీళ్ళు యాడివి?" అంది.

నవ్వాను గాని, ఆ ప్రశ్నలోనే మా సీమ చరిత్ర అంతా ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యపు వానలు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాదికి సగటున ఇరవై రెండు అంగుళాల వాన. అదీ వచ్చిన ఏడు. రాకపోతే 1876లో మొదలైన ధాత కరువులా ఉంటుంది. అందుకే విజయనగరం రాజుల కాలంలో కోటలెంత శ్రద్ధగా కట్టారో చెరువులూ అంత శ్రద్ధగా కట్టారు. కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. వెయ్యిమంది పనివాళ్ళు, వంద బళ్ళు, రెండేళ్ళు పట్టిందట ఆ చెరువుకి. ఏనుగుల మీద వచ్చిన ధనం పెనుకొండలో నిలవలేదు, రాజధాని తరువాత చంద్రగిరికి తరలిపోయింది. చెరువు మాత్రం ఈనాటికీ నిండుతోంది.

లేపాక్షి కూడా చూపించాలనుకున్నాను. పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీర అంచులు చూడకుండా ధర్మవరం చీర కొనకూడదని నా సిద్ధాంతం. కాని పొద్దుపోయింది. ఇంకోరోజుకి వాయిదా వేసి, అనంతపురంలో మా ఇంటికి చేరాం.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ బుక్కరాయసముద్రం కట్ట మీదికి తీసుకుపోయాను. 1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు కట్టించిన చెరువిది. ఒకసారి వానలకు కట్ట తెగబోతే, ఊరి పెద్దింటి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేగాని నిలవదని దేవుడి మాట వినబడిందట. ఆ పిల్ల పసుపు కుంకుమలు పెట్టుకుని, అందరికీ చెప్పి, గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఈ కథనే 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రాశారు. చిన్నప్పుడు ఈ కథ విని ఏడవని ఆడపిల్ల మా వైపు ఉండదు.

వదినకీ తెలిసిన కథే. అయినా చివరిదాకా విని, చీర చెంగులోంచి నాను బయటికి తీసి చూసుకుంది. "ఆయమ్మ పోయి చెరువును నిలబెట్టింది. నా కాసులపేరు పోయి దేన్ని నిలబెట్టింది?" అంది నెమ్మదిగా.

మేనకోడలు తల్లి చెయ్యి పట్టుకుంది. "నాకొద్దమ్మా నాను. నా కోసం దాచొద్దు. నువ్వే పెట్టుకో" అంది. ఆ క్షణందాకా అది తన పెళ్ళి నగ కోసం పోట్లాడుతోందనే అనుకున్నాను నేను. పెద్దవాళ్ళం, పిల్లల్ని ఎంత తక్కువగా అంచనా వేస్తామో!

ఊరికి పోయాక వదిన "ఇయ్యను" అంది. నలభై ఏళ్ళ కాపురంలో అదే మొదటిసారట. అన్న వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత తూర్పు మూల, కొబ్బరికాయ నిలబడిన చోటికి కాస్త పల్లానే సేద్యపు కుంట తవ్వించాడు. చీనీ చెట్లలో సగం ఆ ఎండాకాలమే పోయాయి. తన చేత్తో పెట్టిన చెట్లు కొట్టిస్తుంటే అన్న చూడలేక ధర్మవరం వెళ్ళిపోయాడట. ఆ మాట దాచి చెబితే కథ బాగుంటుంది గాని నిజం కాదు.

అక్టోబరులో వానలు పడ్డాయి. వజ్రకరూరు వైపు జనం ఎప్పటిలా చేలల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతున్నారని కబురు. వాన కడిగిన నేలలో రాయి మెరిస్తే దశ తిరుగుతుందని ఆశ. ఆ సాయంత్రమే వదిన ఫోను.

"ఏమ్మా, పొలంలో ఏదైనా మెరిసిందా?" అన్నాను.

"మెరిసింది. కుంట సగం నిండింది" అంది. కాసేపాగి మళ్ళీ అంది: "నాను మెడలో ఉండాది, నీళ్ళు చేలో ఉండాయి. రెండూ ఒక్కసారి ఉండేది నా పెళ్ళయినాక ఇదే."