సంధివాతం: కంటికీ సంధులున్నాయి

బాన్సువాడ వైపు ఈ జబ్బును తెలుగిళ్ళలో కీళ్ళవాతం అంటారు, ఉర్దూ ఇళ్ళలో గఠియా అంటారు. ఆయుర్వేద తైలాల సీసాల మీద సంధివాతం అని ఉంటుంది. గఠియాకు మూలం గాఁఠ్, అంటే ముడి. వేళ్ళ కణుపులు ఉబ్బి ముడులు కట్టడం చూసి పెట్టిన పేరు. ఏ పేరు పట్టుకున్నా చూపు కణుపుల మీదే నిలబడిపోతుంది. తంటా అక్కడే వచ్చింది.

డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ జబ్బులో ఒంటిని కాయవలసిన రోగనిరోధక శక్తి ఒంటి మీదికే తిరగబడుతుంది. కీళ్ళ పొరల్ని వాపెక్కించినట్టే కన్నీటి గ్రంథుల్నీ, కనుగుడ్డు గోడనూ పట్టుకోగలదు. నిజాంసాగర్ కాలువ కింద కోతల రోజుల్లో ఒకామె "కండ్లల్ల ఇసుక పోసినట్టయితున్నది" అంటే వడ్ల దుమ్మే అనుకుంటారు. ఆమె మోకాళ్ళకూ ఆ గరగరకూ చుట్టరికం ఉండొచ్చని తట్టదు. జబ్బు పేరే తట్టనివ్వదు.

సంధి అనగానే మనకు బడిలో వల్లించిన సవర్ణదీర్ఘం గుర్తొస్తుంది. వైద్యుడికి ఎముకల కలయిక. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ఆ మాటను కంటిలోకీ తీసుకుపోయింది. కంటికి ఐదు మండలాలు, ఆరు సంధులు, ఆరు పటలాలు అని దాని లెక్క. ఆ సంధుల్లో ఒకటి తెల్లగుడ్డూ నల్లగుడ్డూ కలిసేచోటు. రుమటాయిడ్ జబ్బు ముదిరినవాళ్ళలో కొందరికి నల్లగుడ్డు అంచు కరిగి పుండు పడేది సరిగ్గా ఆ వారనే. రక్తనాళాలు అక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి; నల్లగుడ్డు నడుమ అవి ఉండవు. రక్తంలో వచ్చే వాపు సరుకంతా దిగడానికి అదే రేవు. ఇదంతా మన పూర్వులకు ముందే తెలుసనేవాళ్ళతో నాకు పేచీ. వాళ్ళు కంటిని చూసి పెట్టిన పేరు ఇవాళ్టి జబ్బుకు అతికింది, అంతే.

ఇక వాతం. వీచడం అనే అర్థమున్న 'వా' ధాతువు నుంచి వచ్చింది. వాయువు దానికి తోబుట్టువు. సుశ్రుతుడు చెప్పిన కంటిరోగాల్లో అన్యతోవాతం ఒకటి: మెడ, చెవి, తల, దవడ వంటి చోట్ల ఉన్న వాతం కంట్లో నొప్పి పుట్టించడం. శుష్కాక్షిపాకం అని మరొకటి ఉంది, అందులో కన్ను ఎండుతుంది. ఒకచోట ఉండి ఇంకోచోట బాధపెట్టే గుణం కీళ్ళవాతంలోని వాతానికి ఉంది, కీళ్ళకు లేదు. ఆ సమాసంలో నేను నమ్మేది రెండో పదాన్నే.

గాలి అని మనమంటే గ్రీకులు ప్రవాహం అన్నారు, రుమా. ఆ మాట నుంచే 1859లో ఆల్ఫ్రెడ్ గారడ్ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టాడు. ప్రవాహం పేరు మోస్తూ కన్నీటిని ఎండగట్టే జబ్బు ఇది! స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933 నాటి సిద్ధాంతగ్రంథంలో కళ్ళు ఎండిన 19 మంది స్త్రీల గురించి రాశాడు. వారిలో 13 మందికి కీళ్ళజబ్బు ఉంది. కన్నీటిని కొలవడానికి కింది రెప్పలో చిన్న కాగితం ముక్క కొస తగిలిస్తారు. 5 నిమిషాల్లో తడి 5 మిల్లీమీటర్లు పాకకపోతే అది బాగా ఎండిన కన్ను. అలాంటి కన్నే ఒక్కోసారి మంటకు తాళలేక బొటబొటా కారుస్తుంది. "నీళ్ళు కారుతున్నయ్" అని వచ్చిన మనిషి, కన్ను ఎండిందంటే నమ్ముతాడా?

పొడికన్ను చాలావరకు చుక్కలతో సర్దుకుంటుంది. తెల్లగుడ్డు వాపు అలా కాదు. రాత్రి నిద్రలేపేంత తొలిచే నొప్పి, ఎర్రదనం. కండ్లకలక అనుకుని షాపులో చుక్కలు కొనుక్కుంటూ కూర్చుంటే చూపే పోవచ్చు. నొప్పి లేకుండానే తెల్లగుడ్డు పలచబడి నీలంగా కనబడే రకమూ ఉంది.

మందులకూ కంటితో లెక్కలున్నాయి. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే శుక్లం, నీటికాసులు రావచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళ తరబడి మింగితే కొందరికి రెటీనా దెబ్బతింటుంది. అందుకే రోజు మోతాదు ఒంటి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ళు దాటాక ఏటా కళ్ళు పరీక్ష చేయించుకోవాలి.

కంటి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కీళ్ళ సంగతి, మింగే మాత్రల పేర్లు ఆయన అడగకపోయినా చెప్పండి.