కాలేయపు కావలివారు

కృష్ణా డెల్టాలో, పామిడిముక్కల ప్రాంతమున వరి పండించువారికి ఒక సంగతి అనుభవసిద్ధము. చేలో పశువులు పడినపుడు వానిని తరుముటకు మనుష్యులు దిగుదురు. పశువులు మేసిన పైరుకన్న, తరిమినవారి కాళ్లక్రింద నలిగిన పైరే ఒక్కొక్కప్పుడు ఎక్కువ. కామెర్లు కలిగించు వ్యాధులలో ఒకటైన హెపటైటిస్-బి కథయు ఇట్టిదే.

1960వ దశకమున అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్, ఆస్ట్రేలియా ఆదివాసి యొకని రక్తములో అపరిచిత పదార్థము నొకదానిని కనుగొనెను. అది ఈ వైరసు పైపొర యని తరువాత తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. కాని ఈ వైరసు కాలేయకణములలో వృద్ధి పొందుచున్నను, వానిని తానై చంపుట అరుదు. మరి కాలేయము చెడుట కెవరు కారణము?

మన రక్తమందలి తెల్లకణములలో టి-కణములను కావలివారు కలరు. వైరసు దాగిన కణమును ఇవి ఎట్లు గుర్తించునో కనుగొన్న పీటర్ డొహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ గారలు 1996లో నోబెల్ బహుమానము పొందిరి. టి-కణములు వైరసుతోపాటు అది చొరబడిన కాలేయకణమును గూడ నశింపజేయును. పోరు త్వరగా ముగిసినచో కాలేయము కోలుకొనును. ముగియనిచో, కామెర్లు పైకి కనబడకయే, ఏండ్ల తరబడి కాలేయము గట్టిపడును. కొందరికి క్యాన్సరు కలుగును.

పోరు ఏల ముగియదు? రేయింబవళ్లు కాచిన కావలివాడు అలసినట్లే, శత్రువును ఎడతెగక ఎదుర్కొనుచున్న టి-కణములును అలసిపోవును. ఎలుకలలో వేరొక వైరసు విషయమున ఈ అలసట 1993లో నిరూపితమైనది. పిమ్మట హెపటైటిస్ రోగులలోను కనబడినది. ఇక నవజాత శిశువునందు ఈ కావలివారు ఎదిరించుటయే స్వల్పము. కనుకనే పెద్దలకు సోకినపుడు నూటికి అయిదుగురికన్న తక్కువమందిలో నిలిచిపోవు ఈ వైరసు, పుట్టుకవేళ తల్లినుండి సోకినపుడు నూటికి తొంబదిమందిలో నిలిచిపోవుచున్నది.

1993లో వరప్రసాదరెడ్డిగారు హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, 1997లో భారతదేశమున తయారైన తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్-బి టీకాను వెలువరించినది. బ్లంబర్గ్ కనుగొన్న ఆ పైపొరయే, ఈస్టు కణములలో తయారై, ఆ టీకామందుగా మారినది. అందులో వైరసు లేదు. శత్రువు ఆనవాలు మాత్రమే కలదు. పుట్టిన ఇరువదినాలుగు గంటలలో శిశువునకు వేయించు టీకా, పశువులు పడకమునుపే చేనికి కట్టిన కంచె వంటిది. కంచె యున్నచోట తరుమువారితో పనిలేదు, పైరు నలుగదు.