తెరమీద చుక్క ఎవరిది?

1960 మే 1. మాస్కో రెడ్ స్క్వేర్‌లో మే డే కవాతుకు అంతా సిద్ధమవుతోంది. ఉరల్ పర్వతాల పక్కన స్వెర్ద్‌లోవ్‌స్క్ శివార్లలోని మేజర్ మిఖాయిల్ వోరోనోవ్ క్షిపణి దళానికి మాత్రం పండగ లేదు. దక్షిణం నుంచి విమానం వస్తోంది. ఎత్తు 20 కిలోమీటర్ల పైమాటే.

పెషావర్‌లో ఎగిరి నార్వేలో దిగాల్సిన అమెరికా గూఢచారి విమానం యూ-2 అది. నడుపుతున్నది ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్. 1956 నుంచీ ఈ విమానాలు నెత్తిమీదుగా ఫొటోలు తీసుకుపోతుంటే, అంత ఎత్తు అందని సోవియట్ ఫైటర్లు కిందే తిరిగి వెనక్కొచ్చేవి. ఆ ఉదయం ఆయుధాల్లేని ఒక సుఖోయ్-9ను పైకి పంపారు. గుద్ది కూల్చమని పైలట్ ఇగోర్ మెంత్యుకోవ్‌కు ఆజ్ఞ. ఆయన ఒంటిమీద ప్రెషర్ సూట్ కూడా లేదు. గురి కుదరలేదు.

ఇక మిగిలింది నేలమీంచి వదిలే ఎస్-75 క్షిపణులే. వోరోనోవ్ మూడు వదలమన్నాడు. ఒక్కటే లేచింది. మిగతా రెంటి దారికి దళం సొంత రాడార్ క్యాబిన్ అడ్డుండటంతో లాంచర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆ ఒక్కటీ యూ-2 వెనక పేలింది. విమానం ముక్కలైంది, పవర్స్ పారాచూట్‌తో పొలాల్లో దిగాడు.

కానీ రాడార్ ముందున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. రాలుతున్న శకలాలు తెరమీద మచ్చలు మచ్చలుగా పరుచుకున్నాయి. శత్రువు తమ కళ్లు కప్పడానికి ఏదో వెదజల్లుతున్నాడనుకున్నారు. వేట ఆగలేదు. అదే ఆకాశంలో యూ-2 కోసం బయల్దేరిన రెండు మిగ్-19లు ఉన్నాయి. ఎదుటి విమానం తమదో పరాయిదో చెప్పాల్సిన గుర్తింపు ఏర్పాటు ఆ రోజు అక్కరకు రాలేదు. పక్క దళం క్షిపణులు వదిలింది. ఒక మిగ్ పైలట్ బోరిస్ ఐవజ్యాన్ తన విమానాన్ని నిట్టనిలువునా కిందికి దూకించి బతికిపోయాడు. రెండో మిగ్‌లోని సీనియర్ లెఫ్టినెంట్ సెర్గెయ్ సఫ్రోనోవ్ తప్పించుకోలేకపోయాడు.

యూ-2ను కూల్చామని సోవియట్ నేత క్రుశ్చేవ్ ప్రపంచానికి చాటాడు. పవర్స్‌ను 1962 ఫిబ్రవరి 10న సోవియట్ గూఢచారి రుడాల్ఫ్ ఆబెల్‌కు బదులుగా అప్పగించారు. సఫ్రోనోవ్ ఎలా పోయాడన్నది మాత్రం ఏళ్లతరబడి బయటికి రానివ్వలేదు. యూ-2ను కూల్చినందుకు ప్రకటించిన రెడ్ బ్యానర్ పతకాల జాబితాలో వోరోనోవ్‌తోపాటు సఫ్రోనోవ్ పేరూ ఉంది. అది మరణానంతర గౌరవమని అందులో ఎక్కడా రాయలేదు.